చెవిలో చెప్పే బరువు

జుహూరా చనిపోయిందన్న కబురు వచ్చేసరికి అబిగైల్ వంటింట్లో చేపకి పొలుసు తీస్తోంది. చేతులు తడిగా ఉన్నాయని ఫోను గట్టు మీద పెట్టి స్పీకర్ నొక్కింది. అటునుంచి మాట్లాడుతున్నది జుహూరా మొగుడు, ఆఫ్రికా తీరాన పెంబా దీవి నుంచి. కాన్పు ముందే వచ్చేసిందట. బిడ్డ పుట్టాక రక్తం ఆగలేదట. పట్నంలో ఆసుపత్రికని ఎవరిదో బండి పట్టుకుని బయల్దేరితే దారిలోనే ప్రాణం పోయిందట. నిన్న శుక్రవారం మట్టి చేశారట. పిల్ల బతికింది. అంతా విని అబిగైల్ "సరే బాబూ" అంది. స్వాహిలీలో అనాల్సిన మాట తెలుగులో అనేసింది. ఫోను పెట్టేశాక మిగిలిన పొలుసు తీసింది, ముక్కలు కోసింది, ఉప్పూ పసుపూ పట్టించి చింతపండు నానేసింది. చెప్పకూడదు గానీ, ఆ రోజు పులుసు బాగా కుదిరింది.

భోజనాల దగ్గర ఆమె భర్త ప్రేమచంద్ అడిగాడు.

"ఇందాక ఎవరే ఫోను?"

"జుహూరా పోయిందంట."

"పోవడమేంటి?"

"కాన్పులో పోయింది. మజ్జిగ పోసుకోండి."

ప్రేమచంద్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అబిగైల్ మాత్రం ముల్లు తీసుకుంటూ తింటూనే ఉంది. ఆయనకి పెళ్ళాన్ని చూస్తే మొదటిసారి భయమేసింది.

భయపడాల్సిందే మరి. ఈ మనిషి ఇలాంటిది కాదు. నరసాపురం పక్క పల్లెలో పుట్టి, మిషన్ ఆసుపత్రిలో నర్సు చదివి, పెళ్ళైన ఏడాదికే మొగుడితో పాటు ఒమన్ వచ్చినప్పుడు, ఎయిర్‌పోర్టు నుంచి రుస్తాఖ్ చేరేదాకా కారులో ఏడుస్తూనే ఉందని ప్రేమచంద్ ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. ఎదుటివాళ్ళ బిడ్డకి సూది పొడిచినా కళ్ళనిండా నీళ్ళు పెట్టుకునే రకం. అలాంటి మనిషికి ఉద్యోగం ఇచ్చారు, రుస్తాఖ్‌లో ఒక చిన్న హెల్త్ సెంటర్లో.

అక్కడే బీబీ జువేనా తగిలింది. బీబీది పుట్టుక పెంబాలో. చిన్నతనంలో అక్కడ గొడవలు జరిగినప్పుడు తండ్రి పడవెక్కించి పూర్వీకుల దేశమైన ఒమన్ తీసుకొచ్చాడు. రుస్తాఖ్‌లో అలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. వీధిలో అరబీ, ఇంట్లో స్వాహిలీ. షుగర్ చూపించుకోవడానికి వచ్చిన బీబీ, కొత్త నర్సు కష్టపడి కూడబలుక్కుంటున్న అరబీ కాసేపు ఓపిగ్గా వింది. "నీ అరబీ వింటే నా షుగర్ ఇంకా పెరుగుతోంది బిడ్డా, నా భాష నేర్చుకో" అంది. నేర్పింది కూడా. కాళ్ళకి పుండ్లున్నాయేమోనని అబిగైల్ వేళ్ళ సందుల్లో వెతుకుతుంటే బీబీ పైనుంచి మాటలు చెబుతుండేది. కొన్నేళ్ళకి ఆ సెంటర్‌కి వచ్చే ముసలమ్మలందరితో మన నరసాపురం పిల్ల గలగలా స్వాహిలీ మాట్లాడేసేది.

ఒకసారి ఆఫ్రికాలో ఆరోగ్య కేంద్రాలు నడిపే సంస్థవాళ్ళు ఒమన్‌లో ఈ చిన్న సెంటర్లు ఎలా నడుస్తున్నాయో చూసిపోదామని వచ్చారు. చీర కట్టుకున్న ఇండియా నర్సు తమ భాష మాట్లాడుతుంటే విని నోళ్ళు వెళ్ళబెట్టారు. వెళ్తూ వెళ్తూ ఆమెని కూడా రమ్మన్నారు. "నీకు ఇష్టమైతే పో, నా వంట నేను వండుకుంటాలే" అన్నాడు ప్రేమచంద్. అప్పటికి ఆయన రాజధానిలో రూవీ పేటలో మందుల గోడౌన్‌లో పనిచేస్తూ ఆ దగ్గర్లోనే హమ్రియాలో ఫ్లాటు తీసుకున్నాడు. ఆమె వెళ్ళింది. ఏడాది అనుకున్నది పదహారేళ్ళయింది. పెంబా, ఆ తర్వాత అటు టాంజానియా నేల మీద ఊళ్ళు, మలావీ, మళ్ళీ పెంబా. సెలవులకి వచ్చి పోతుండేది. కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగింది.

ఆమె చేసే పనికి ప్రాథమిక ఆరోగ్య వ్యవస్థను బలోపేతం చేయడం అని పెద్ద పేరుంది. ప్రేమచంద్ ఫ్రెండ్స్ అడిగితే అబిగైల్ వేరేగా చెప్పేది. జనం నడిచి వెళ్ళగలిగే దూరంలో ఒక గది ఉండాలి, ఆ గదిలో ఒక నర్సు ఉండాలి, ఆవిడ దగ్గర మందుండాలి, రేపు కూడా ఆవిడ అక్కడే ఉంటుందన్న నమ్మకం ఊళ్ళో ఉండాలి. అంతే. "ఆ నాలుగోదే కష్టమండీ" అనేది.

పెంబాలో మొదటి సెంటర్ పెట్టినప్పుడు పిల్లల్ని తూచడానికి తల్లులు నిలకడగా రాలేదు. కొమ్మకి త్రాసు వేలాడదీసి, దానికి నిక్కరులాంటి సంచీ తగిలించి, అందులో పిల్లని కూర్చోబెట్టి, ముల్లు ఎక్కడ ఆగిందో చూసి కార్యకర్త గట్టిగా అరిచేది. అవతల బల్ల దగ్గర ఇంకొకరు రాసుకునేవారు. మొదటి వారం పిల్లలు వచ్చారు, రెండో వారం సగం, తర్వాత ఈగలు తోలుకోవడమే. ఆఫీసులో అందరూ తల్లులకి అవగాహన లేదన్నారు. అబిగైల్ కూడా మొదట్లో అదే అనుకుంది. ఒకరోజు ఒక తల్లి కొంగులో దాచుకున్న బిడ్డ అరికాల్లో నల్లటి కాటుక చుక్క చూసేదాకా.

ఆ చుక్క చూడగానే ఆమెకి వాళ్ళమ్మ గుర్తొచ్చింది. ఆదివారం చర్చికి తీసుకెళ్ళేటప్పుడు కూడా పిల్లల అరికాలికి కాటుక పెట్టేది, పాస్టరుగారికి కనబడకుండా. ఎవరైనా "మీవాడు బొద్దుగా ఉన్నాడమ్మా" అంటే నవ్వి ఊరుకుని, ఇంటికి రాగానే ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో పడేసేది. నలుగురి ముందూ పిల్లాడి బరువు అరిచి చెబితే తన తల్లి మాత్రం ఆ గడప తొక్కేదా? మర్నాడు అబిగైల్ త్రాసుకి చుట్టూ ఒక పాత చీర కట్టింది. లోపలికి తల్లీ బిడ్డా వెళ్ళాలి. బరువు గట్టిగా అనకూడదు. తల్లి చెవిలో చెప్పాలి.

ఆ చెవిలో చెప్పే పని మొదట నేర్చుకున్నది జుహూరా. పెంబాలోనే ఉండిపోయిన బీబీ చెల్లెలికి మనవరాలే. బడి మానేసి లవంగాలు ఎండబెట్టుకుంటూ తిరిగే పిల్లని, "పనికిమాలినదైపోతోంది, నీ దగ్గర పెట్టుకో" అని బీబీయే రుస్తాఖ్ నుంచి ఫోన్ చేసి అప్పగించింది. ఆ పిల్లకి ఆ పని ఎంత నచ్చిందో! వంగి, తల్లి చెంపకి తన చెంప దాదాపు తగిలేలా పెట్టి, బరువు పెరిగితే ఒక రకంగా, తగ్గితే ఇంకో రకంగా గుసగుసలాడేది. తగ్గిన పిల్లల తల్లులు చీర చాటునే ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, ఏం పెట్టాలో అడిగి బయటికొచ్చేవారు. మూడు ఊళ్ళ తల్లులు ఆ సెంటర్‌కి రావడం మొదలుపెట్టారు. జుహూరా పెరిగింది, నెలలు నిండినవాళ్ళని వేళకి సెంటర్‌కి చేర్చే ఆరోగ్య కార్యకర్తయింది, పెళ్ళి చేసుకుంది. రుస్తాఖ్‌లో బీబీ కనబడిన వాళ్ళందరికీ ఇదే చెప్పేది. "పిల్లల బరువు అరవని ఆసుపత్రి లోకంలో మాదొక్కటే."

మాది అనడానికి ఆమెకి హక్కుంది. ఒమన్‌లో ఇంటి గోడకి బయట, దారిన పోయేవాళ్ళు తాగడానికి చల్లనీళ్ళ కూలర్ పెట్టడం పుణ్యం. భర్త పోయినప్పుడు బీబీ రెండు కూలర్లు కొంది. ఒకటి రుస్తాఖ్‌లో తన గోడకి, రెండోది ఓడలో పెంబా సెంటర్‌కి. వెయిటింగ్‌లో కూర్చున్న తల్లులు ఆ నీళ్ళు తాగి తన మొగుడి పేరు తలుచుకోవాలన్నది ఆమె కోరిక.

కిందటేడు ఎక్కడో సముద్రాల అవతల ఎవరో ఒక నిర్ణయం తీసుకున్నారు. నిధులు ఆగిపోయాయి. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళకి మ్యాపులో పెంబా చూపించమంటే వేలు ఎక్కడ పెట్టాలో తెలిసుండదు, నన్నడిగితే. నర్సుని పట్నం ఆసుపత్రికి వేశారు. గదికి తాళం పడింది. అబిగైల్ సూట్‌కేసుతో హమ్రియా వచ్చి, దాన్ని మంచం కిందికి తోసి, ఇంతవరకూ పూర్తిగా తెరవలేదు. రూవీలో ఒక క్లినిక్‌లో బీపీలు చూసే పనిలో చేరింది. ఎవరైనా ఆఫ్రికా కబుర్లడిగితే "బానే ఉండేదండీ" అనేది. జుహూరా కడుపుతో ఉందని తెలిసి, నెల ముందే పట్నం వెళ్ళి చుట్టాలింట్లో ఉండమని ఫోన్లో చెప్పింది. జుహూరా సరేనంది. అలా బయల్దేరాల్సిన రోజుకి ఇంకా రెండు వారాలుండగానే నొప్పులొచ్చాయి.

ఇప్పుడు జుహూరా మొగుడు ఒకటే అడిగాడు. బీబీకి ఫోన్లో చెప్పొద్దు, మీరే వెళ్ళి పక్కన కూర్చుని చెప్పండి. బీబీ కొడుకు సయీద్‌ కూడా అదే మాటన్నాడు. "అమ్మ గుండెకి స్టెంట్లున్నాయి. మీరు నర్సు, మీకు తెలుస్తుంది" అన్నాడు. ఆ పని తన చేతి నుంచి తప్పిపోయినందుకు అతని గొంతులో తేలికదనం అబిగైల్‌కి తెలుస్తూనే ఉంది. దానికి కూడా ఆమెకి కోపం రాలేదు.

ఎలా చెప్పాలన్నదే పెద్ద సమస్య. ఆదివారం క్లినిక్‌లో దానికి దారి దొరికినట్టయింది. జగిత్యాల నుంచి వచ్చి సైట్లో పనిచేసే భీమన్న బీపీ చూపించుకుంటూ చెప్పుకొచ్చాడు.

"మా రూమ్‌ల కుమార్‌కు ఇంటికెల్లి ఫోనొచ్చింది సిస్టర్, బాపుకు సీరియస్ ఉన్నదని. ఇగ అడుగుడెందుకు? అందరం గల్సి బట్టలు సదిరి ఎయిర్‌పోర్ట్‌ల దించి అచ్చినం."

"ఆయన పోయారని అతనికి చెప్పారా?"

"చెప్పుడెందుకు సిస్టర్? సీరియస్ అంటె ఏందో తెల్వనోడుంటడా?"

నిజమే, మనవాళ్ళలో తెలియనివాడుండడు. సీరియస్ అన్న మాట వినగానే ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. దారంతా మనసుని కొంచెం కొంచెంగా సిద్ధం చేసుకుని, గుమ్మం దాకా వచ్చేసరికి సగం ఏడుపు అయిపోతుంది. అబిగైల్ తండ్రి పోయినప్పుడు ఆమెకీ అలాగే చెప్పారు. అదొక దయ అని ఆమె నమ్మకం. సోమవారం ప్రేమచంద్ లీవు పెట్టి కారు తీశాడు.

అబిగైల్ ఎప్పట్లాగే సెలవుకి వచ్చిందనుకుని బీబీ ఖర్జూరాలు ముందు పెట్టి, కహ్వా కాఫీ పోసింది. అబిగైల్ ఆమె చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, జుహూరాకి కాన్పయిందనీ, ఆడపిల్ల అనీ, తల్లికి మాత్రం సీరియస్‌గా ఉందనీ చెప్పింది. చెప్పి ఆగింది. ఆ మాట లోపలికి దిగి తన పని తాను చేస్తుందని చూసింది. బీబీ కళ్ళు మూసుకుని ఏదో చదువుకుంది, తెరిచి, "అల్లా చూసుకుంటాడు" అంది. ఆ మొహం చూసి అబిగైల్ అర్థమైపోయిందనుకుంది. వెనక్కొస్తూ కారులో "చెప్పేశానండీ" అంది. ప్రేమచంద్ "ఏడ్చారా?" అన్నాడు. "లేదు. గట్టి మనిషి."

తెల్లారేసరికి సయీద్ ఫోను.

"సిస్టర్, ఏం చెప్పారు మీరు? అమ్మ బ్యాగు సర్దుకుని కూచుంది. పెంబా టికెట్ తియ్యమని నా ప్రాణం తీస్తోంది. మేకని కోయించి బీదలకి పంచమంది. పిల్ల కోలుకోవాలని ఉపవాసం కూడా మొదలుపెట్టింది!"

అబిగైల్‌కి అప్పుడు వెలిగింది. సీరియస్ అంటే బీబీకి సీరియసే. జబ్బు ముదిరింది, ఇంకా ఆశ ఉంది, వెళ్ళి చూసుకోవాలి, అంతే. మన లోపాయికారీ లెక్క ఆమెకెలా తెలుస్తుంది? ఇన్నేళ్ళు ఆ మనిషి భాష మాట్లాడి, చివరికి చావు కబురు మాత్రం నరసాపురం పద్ధతిలో చెప్పి వచ్చింది. ఇంత పొరపాటు చేశానని తెలిసినా ఏడుపు రాలేదు. అది మాత్రం ఆమెకి కొంచెం వింతగా తోచింది.

"పద, మళ్ళీ వెళ్దాం," అన్నాడు ప్రేమచంద్. "ఈసారి ఉన్నదున్నట్టు చెప్పేసెయ్యి. నాన్చకు."

"ఆయ్, అలాగేనండి."

దారి పొడుగునా ఆమె కిటికీలోంచి కొండల్ని చూస్తూ కూర్చుంది. ఏం చెప్పాలో లోపల అనుకుంటూనే ఉంది. మాటలు సిద్ధంగానే ఉన్నాయి, వాటి వెనకాల మాత్రం ఏమీ లేదు.

బీబీ ఇంటి గోడకి కూలర్ దగ్గర ఎవరో కూలివాళ్ళు సీసాలు నింపుకుంటున్నారు. లోపల బీబీ నల్ల అబాయా వేసుకుని, ప్రయాణానికి తయారై, బ్యాగు పక్కన కూర్చుని ఉంది. అబిగైల్‌ని చూడగానే మొహం వెలిగింది.

"వచ్చావా! నువ్వూ నాతో వస్తున్నావు కదూ? సయీద్ నన్నొక్కదాన్నీ పంపడట. చూడు, ఇవి పిల్లకి." బ్యాగు తెరిచి ఒక్కొక్కటీ తీసింది. చిన్న చొక్కాలు, కాటుక డబ్బా, ఖర్జూరాలు. అన్నిటికన్నా అడుగున ఒక కొత్త కుళాయి, ప్లాస్టిక్ కవరు కూడా విప్పనిది. "కూలర్ కుళాయి కారుతోందని ఎప్పుడో అంది జుహూరా. ఇక్కడిదే సరిపోతుంది, కొలత చూసి కొన్నాను."

"బీబీ..."

"నువ్వు అంత దిగులు పెట్టుకోకు. సెంటర్ ఇంటి పక్కనే కదా? రక్తం పోతే ఏం చెయ్యాలో ఆ నర్సుకి నువ్వే నేర్పావు. మనం వెళ్ళేసరికి లేచి కూర్చుంటుంది."

"సెంటర్ మూసేశారు బీబీ."

"సెలవా?"

"సెలవు కాదు. నిధులిచ్చేవాళ్ళు ఆపేశారు. నర్సుని పట్నానికి వేసేశారు. గదికి తాళం వేసి చాలాకాలమైంది. మీకు చెప్పొద్దంది జుహూరా. బాధపడతారని."

బీబీ కుళాయిని ఒళ్ళో పెట్టుకుంది. "మరి నీళ్ళు?" అంది.

అబిగైల్ బయటికి తీసిన చిన్న చొక్కాలు మళ్ళీ మడిచి బ్యాగులో పెట్టసాగింది.

"మరి నువ్విక్కడ ఏం చేస్తున్నావు?" అంది బీబీ. నిష్ఠూరంగా అనలేదు. ఏ ఊళ్ళో ఉన్నావని మామూలుగా అడిగినట్టే అడిగింది. ప్రేమచంద్ తలుపు దగ్గర చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఇక నాన్చడానికి ఏమీ మిగల్లేదు. "జుహూరా చనిపోయింది బీబీ," అంది అబిగైల్, బీబీ నేర్పిన మాటల్లోనే. "నేను నిన్న వచ్చేటప్పటికే చనిపోయింది. శుక్రవారం మట్టి చేశారు. మా ఊళ్ళో ఇలాంటివి ఒకేసారి చెప్పరు. అందుకని చెప్పలేదు."

బీబీ పెదవులు కదిలాయి. అల్లా నుంచి వచ్చాం, అల్లా దగ్గరికే పోతాం అన్న ప్రార్థన. ఆమె ఏడవలేదు, పడిపోలేదు. సయీద్ లోపలినుంచి పరిగెత్తుకొచ్చి నిలబడ్డాడు, చెయ్యడానికి ఏమీ లేక. ఆఖరి స్నానం ఎవరు చేయించారని బీబీ అడిగింది. ఆడపడుచులని చెప్పింది అబిగైల్. ఎక్కడ పెట్టారని అడిగింది. మీ చెల్లెలి పక్కనే అని చెప్పింది. ఒక్కొక్క ప్రశ్నకీ జవాబు ఠకీమని వచ్చింది, క్లినిక్‌లో బీపీ ఎంతో చెప్పినట్టే. తన గొంతు తనకే పరాయిగా వినబడింది.

"మ్వనంగు," అంది బీబీ. నా బిడ్డా అని. ఎన్నో ఏళ్ళ క్రితం కాళ్ళ దగ్గర కూర్చుని మాటలు నేర్చుకునే రోజుల్లో పిలిచిన పిలుపు. "పిల్ల బాగుందా?"

"బాగుందట. మేనత్త పాలడబ్బా పడుతోందట."

"నెలలు నిండకుండా పుట్టింది కదా. ఎంతుంది?"

అడుగుతూనే బీబీ గదిలో ఉన్న మగవాళ్ళిద్దరినీ ఒకసారి చూసింది. తర్వాత తల మీది ముసుగు వేళ్ళతో పక్కకి జరిపి, చెవి బయటపెట్టి, అబిగైల్ వైపు వంగింది. సెంటర్‌లో చీర చాటున తల్లులు ఎలా వంగేవారో అలాగే. ఆ పద్ధతి ఆమె ఎన్నడూ కళ్ళతో చూడలేదు. జుహూరా ఫోన్లో చెప్పగా విన్నదే.

అబిగైల్ అలవాటు కొద్దీ తానూ వంగింది. చెంప ఆ ముడతల చెంపకి దగ్గరగా పెట్టింది. నోరు తెరిచాక గాని ఆమెకి తెలియలేదు, చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదని. త్రాసు ఆ తాళం వేసిన గదిలో కొక్కేనికి వేలాడుతోంది. ఎన్ని ఊళ్ళలో ఎంతమంది పిల్లలకి అలాంటి త్రాసు కట్టించిందో, జుహూరా బిడ్డకి మాత్రం లేదు.

అప్పుడు వచ్చింది ఏడుపు. చేప పొలుసు తీస్తున్నప్పుడు రానిది, ఇన్నాళ్ళూ సూట్‌కేసుతో పాటు మంచం కింద పడి ఉన్నది, ఒళ్ళంతా కుదిపేస్తూ వచ్చింది. ముసలామె భుజం పట్టుకుని, వెక్కుతూ, ఆ చెవిలోనే అంది.

"తెలీదు బీబీ. ఎవరూ తూచలేదు."

బీబీ చెవి తీయలేదు. ఇంకా ఏదో చెబుతుందని అలాగే వంగి ఉంది.